ఉప్పు తగ్గించాక బీపీతో పాటు ఇంకొకటీ కుదుటపడింది

నలభై దాటాక నాకు అంగస్తంభన సరిగ్గా ఉండటం లేదు. డాక్టరు ముందు బీపీ చూశారు: 150/96. అసలు సంగతి అక్కడే ఉండొచ్చన్నారు.

అంగం గట్టిపడాలంటే దాని రక్తనాళాలు వ్యాకోచించి రక్తం నిండాలి. ఆ పని చేయించేది నరాల చివరలూ, నాళాల లోపలి పొరా విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్. ఉప్పు ఎక్కువై బీపీ పెరిగితే ఆ పొర దెబ్బతింటుంది. గుండె నాళాలకంటే ఇవి సన్నం కాబట్టి తేడా ముందు ఇక్కడే కనిపించవచ్చు. అందుకే సిగ్గుపడి దాచొద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే టీస్పూను కూడా నిండదు. మా ఇంట్లో ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలతోనే అది అయిపోయేది. పెరుగన్నంలో ఉప్పు మానేశాను. ఆవకాయ ఇప్పుడు ఆదివారానికే. మా ఆవిడ పప్పులో ఉప్పు తగ్గించి నిమ్మరసం, ఇంగువ పోపు పెంచింది. మొదట చప్పగా ఉండేది. కొన్ని వారాలకు నాలుక అలవాటుపడి, హోటల్ సాంబారే ఉప్పు కషాయంలా తోచింది. సైంధవ లవణమైనా ఉప్పే, అందులోనూ సోడియమే. పొటాషియం కలిపిన ఉప్పు కిడ్నీ జబ్బున్నవాళ్లకు ప్రమాదం.

సాయంత్రం నడక, బీపీ మాత్ర కూడా సాగాయి. కొన్ని బీపీ మాత్రలతోనూ ఈ ఇబ్బంది రావచ్చు. సొంతంగా ఆపకుండా డాక్టరును అడిగితే మారుస్తారు.

కొన్ని నెలలకు బీపీ 130 లోపుకు దిగింది, పడకగదిలో టెన్షన్ పోయింది. ఉప్పొక్కటే చేసిందనను, కానీ అది తగ్గకుండా ఇది కుదిరేది కాదని నా నమ్మకం.