డబ్బులు పడకముందే "మొత్తం ముట్టింది" అని సంతకం పెట్టమాకండి

నెల్లూరు ముత్తుకూరు రోడ్డులో ఒక అపార్ట్‌మెంటుకి సెంట్రింగ్ పని చేశా, ఫైనల్ బిల్లు టయానికి బిల్డర్ దగ్గర గుమస్తా ఒక కాయితం ముందర పెట్టి, సంతకం పెట్టన్నా రేపు చెక్కు రెడీ అన్నాడు, చదవకుండా పెట్టేశా. "మొత్తం ముట్టింది, ఇంక బాకీ లేదు" అని ఉంది దాంట్లో. ఆ రేపు రావడానికి ఏడు నెలలు పట్టింది, వచ్చింది కూడా సగమే.

అమెరికాలో పని చేసినోడికి డబ్బులియ్యకపోతే ఆ స్థలం మీదే లీన్, అంటే బాకీ కింద ఆ ఆస్తి మీద హక్కు, వేసుకోవచ్చు, దాన్ని వదులుకుంటున్నా అని రాసిచ్చేదే లీన్ వేవర్. కండిషనల్ అయితే డబ్బు చేతికొస్తేనే చెల్లుద్ది, అన్‌కండిషనల్ అయితే సంతకంతోనే హక్కు పాయె. మనకాడ బిల్డింగు మీద అట్టాంటి లీనే లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టంలో 170 సెక్షన్ ఉంది గానీ అది రిపేరుకిచ్చిన వస్తువు మన దగ్గరుంటే ఆపుకోడానికి, పోసిన స్లాబుని పీక్కోని పోలేం గదా.

అందుకని రసీదునే కండిషనల్‌గా రాయండి. "మూడో రన్నింగ్ బిల్లు, ఫలానా తేదీ దాకా చేసిన పనికి 1,80,000 చెక్కు, నంబరు ఇదీ, తీసుకున్నా, చెక్కు పాసైతేనే ఈ రసీదు చెల్లుద్ది, రిటెన్షను (బిల్లులో ఆపిపెట్టిన డబ్బు), ఎక్స్‌ట్రా పనుల లెక్క ఇంకా ఉంది." ఆ చివరి ముక్కే ముఖ్యం, సన్‌షేడ్ పెంచు, లాఫ్ట్ కలుపు అని అన్నీ నోటిమాటగానే చెప్తారు, ఆ రాత్రికే వాట్సాప్‌లో "సార్ మీరు చెప్పినట్టు ఇంత కలిపా, రేటు ఇదీ" అని కొట్టండి. కొలతల బుక్కులో ఇద్దరి సంతకాలుండాలి.

చెక్కు తేదీ నుంచి 3 నెలల్లో బ్యాంకులో వెయ్యాలి, సంక్రాంతి పోయాక వెయ్యన్నా అంటే ముందు క్యాలెండర్ చూసుకోండి. బౌన్సయితే, తెలిసిన 30 రోజుల్లో నోటీసియ్యాలి, అది అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఆ తర్వాత ఒక నెల లోపల 138 కేసు, అంటే చెక్కు బౌన్సు సెక్షన్ కింద కోర్టులో కేసు, వెయ్యాలి. సివిల్ దావాకి మామూలుగా 3 ఏళ్ళు.

నాలాగా ముందే సంతకం పెట్టేసినోళ్ళు? బలవంతంగా పెట్టించుకున్న ఫుల్ అండ్ ఫైనల్ కాయితంతో క్లెయిము పోదని 2008లో బోఘారా పాలీఫాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ బలవంతం జరిగిందని చూపించాల్సింది మనమే. కాబట్టి అదే రోజు "చెక్కియ్యకుండానే సంతకం తీసుకున్నారు, ఇంత బాకీ ఉంది" అని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు చెయ్యండి, ఆ పోస్టాఫీసు చీటీ దాచుకోండి.