గోళ్ల మీద అద్దకం: స్పాంజి ముందు, అచ్చు తర్వాత

మాది పెడన. అద్దకం అంటే ఏంటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా పెదనాన్న బల్ల దగ్గర నిలబడి, చెక్క అచ్చుకి రంగు అంటించి, గుడ్డ మీద ఆనించి పిడికిలితో ఒక్క పోటు పొడిచేవారు. అచ్చు లేపితే కింద పువ్వు. మెల్లగా నొక్కితే ఏమవుతుంది పెదనాన్నా అని ఒకసారి అడిగాను. "మెల్లగా నొక్కితే రంగు ఆలోచనలో పడుద్దే అమ్మాయ్" అన్నారు.

విజయవాడలో మా డైనింగ్ టేబుల్ దగ్గర నెయిల్ స్టాంపింగ్, అంటే గోళ్ల మీద అచ్చుతో డిజైన్ అద్దడం, నేర్చుకుంటూ నేను చేసిన తప్పుల్లో సగం ఆ మాట మర్చిపోయినందువల్లే. కలంకారీలో శ్రీకాళహస్తి వాళ్లు గుడ్డ మీద కలంతో గీస్తారు, మా వైపు అచ్చుతో అద్దుతారు. గోళ్ల మీద సన్న బ్రష్‌తో తీగలు లాగడం కాళహస్తి పని. నాకు చెయ్యి వణుకుతుంది, అది నా వల్ల కాలేదు. స్పాంజి, స్టాంపింగ్ రెండూ అద్దకాలే కాబట్టి ఎలాగో పట్టుబడ్డాయి.

ముందు గోళ్ల సంగతి. అన్నీ ఒకే పొడుగుకి కత్తిరించి, గోరు అంచు అరగదీసే ఫైల్‌ని ఒకే వైపుకి లాగండి. రంపం కోసినట్టు అటూ ఇటూ రుద్దితే గోరు అంచు పొరలు పొరలుగా లేస్తుంది. గోరు మొదట్లో ఉండే సన్న చర్మాన్ని కత్తిరించకండి. గోరువెచ్చని నీళ్లలో నానాక టవల్‌తో వెనక్కి నెడితే చాలు. అక్కడ తెగితే గోరుచుట్టు లేస్తుంది, ఆ మీద పాలిష్ తీసే రిమూవర్ పడితే రోకటిపోటు అంటే ఏంటో తెలిసొస్తుంది. తర్వాత దూదికి రిమూవర్ అద్ది ఒక్కో గోరూ తుడవండి, రంగు లేకపోయినా సరే. కొబ్బరినూనె రాసుకునే చేతులు మనవి. గోరు మీద జిడ్డుంటే ఎంత ఖరీదైన పాలిష్ అయినా రెండో రోజుకి పెచ్చులుగా ఊడుతుంది.

రంగుకి ముందు వేసే పారదర్శకమైన బేస్ కోట్ ఒక పూత వేయండి. ఇది మానేస్తే ముదురు ఎరుపులు, నీలాలు గోటిలోకి దిగి, పాలిష్ తీశాక గోళ్లు పసుపుపచ్చగా కనిపిస్తాయి. దాని మీద తెల్ల పాలిష్ ఒక పూత. స్పాంజి పనికి ఈ తెలుపు ముఖ్యం. స్పాంజితో పడే పొర చాలా పల్చన, కింద తెలుపు లేకపోతే రంగు వెలిసిపోయినట్టుంటుంది.

తెల్ల పాలిష్ ఆరేలోపు వేళ్ల చుట్టూ ఫెవికాల్ రాయండి. అవును, పిల్లల ప్రాజెక్టుల కోసం కొనే తెల్లదే. పాత బ్రష్‌తో గోరుకి ఆనుకుని చర్మం మీద పల్చగా రాస్తే, ఆరాక గాజులా పారదర్శకం అవుతుంది. పని అయ్యాక అంచు పట్టి లాగితే రంగుతో సహా పొరలా వచ్చేస్తుంది. ఇది తెలియక మొదటిసారి నేను చేసిన స్పాంజి పనికి గోళ్ల కన్నా వేళ్లకే ఎక్కువ రంగు అంటింది. తుడవడానికే ముప్పావుగంట పట్టింది. చర్మం మీద పుండో, కోతో ఉంటే మాత్రం ఫెవికాల్ వద్దు.

స్పాంజి ఏదో ఒకటి అనుకోకండి. గిన్నెలు తోమే స్పాంజికి పెద్ద రంధ్రాలుంటాయి, గోరు మీద మశూచి మచ్చల్లా పడతాయి. ముఖానికి ఫౌండేషన్ అద్దుకునే మూలల స్పాంజి తెచ్చి, గోరు వెడల్పుకి ముక్కలు కోసుకోండి. ముక్కని నీళ్లలో ముంచి గట్టిగా పిండేసి, టిష్యూలో నొక్కి తడి తీసేయండి. పొడి స్పాంజి పాలిష్‌ని పీల్చేసుకుంటుంది, గోటికి మిగిలేది ఉండదు.

రెండు మూడు రంగులు స్పాంజి మీద పక్కపక్కన గీతలుగా వేయండి, అంచులు కాస్త ఒకదాని మీదికి ఒకటి ఎక్కేలా. గోరు మీద అద్దేటప్పుడు ఒకే చోట పెట్టి నొక్కకుండా, ఒక నూలుపోగంత పైకీ కిందికీ జరుపుతూ టపటపా అద్దాలి. రంగుల మధ్య గీత చెరిగిపోయేది ఆ కదలికతోనే. ఒక పొర ఆరాక ఇంకో పొర. మూడు పల్చటి పొరలు చాలు. రంగులు కూడా చుట్టరికం ఉన్నవే తీసుకోండి. పసుపు, నారింజ, ఎరుపు కలిస్తే సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీంచి చూసిన ఆకాశంలా వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ కలిపితే కలిసిన చోట బురద. పట్టుచీర అంచుకి బాగుంటుంది కదా అని నేనూ చేశాను, బాగుండదు.

ఈ దశలో గోరు గరుకుగా, వికారంగా ఉంటుంది. కంగారు పడకండి, రంగు మీద వేసే పారదర్శకమైన టాప్ కోట్ పడ్డాక నున్నబడుతుంది. స్టాంపింగ్‌కి ముందు ఒక పూత టాప్ కోట్ వేసి, పూర్తిగా ఆరనివ్వండి. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగా ఉంటుంది. నేనైతే ఆ టైములో ఒక సీరియల్ ఎపిసోడ్ చూస్తాను. రిమోట్ పక్కవాళ్ల చేతిలో ఉండాలి.

ఇప్పుడు అచ్చు. నా మొదటి సెట్టు బీసెంట్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపులో కొన్నాను: డిజైన్లు చెక్కిన పల్చటి స్టీలు ప్లేటు, సిలికాన్ దిండులాంటి స్టాంపరు, రంగు గీకడానికి ఒక ప్లాస్టిక్ ముక్క. ఇంటికొచ్చి అరగంట కుస్తీ పట్టినా ఒక్క పువ్వు దిగలేదు. మా అమ్మాయి వచ్చి ప్లేటు చూసి, "అమ్మా, దీని మీద ప్లాస్టిక్ పొర తీయలేదు" అంది. కొత్త ప్లేట్ల మీద నీలం పొర అంటించి ఉంటుంది. గోటితో మూల లేపి పీకేయండి.

పెడన అచ్చులో ఉబ్బెత్తుగా ఉన్న చోట రంగు అంటుతుంది. ఇక్కడ తిరకాసు. చెక్కిన గుంటలో రంగు నిలవాలి, మిగతాది గీకేయాలి. ఆ గుంట లోతు చాలా తక్కువ, అందులో నిలిచే పాలిష్ క్షణాల్లో ఆరిపోతుంది. స్టాంపింగ్‌లో చిక్కంతా ఇదే. కాబట్టి పని మొదలెట్టే ముందు ఫ్యాను ఆపేయండి. మా ఇంట్లో ఎండాకాలంలో ఫ్యాను ఆపమంటే యుద్ధమే, అయినా ఆపాల్సిందే. ఫ్యాను కింద నేను పది సార్లు ప్రయత్నిస్తే రెండు దిగాయి.

పాలిష్ చిక్కగా ఉండాలి. మామూలు సీసాల్లో చాలావాటికి ఆ చిక్కదనం ఉండదు, స్టాంపింగ్ కోసమే అమ్మే నలుపు, తెలుపు రెండూ కొనుక్కుంటే చాలాకాలం వస్తాయి. డిజైన్‌కి అడ్డంగా ఒక చార పాలిష్ వేయండి. కాలం చెల్లిన ఏటీఎం కార్డుని ఏటవాలుగా పట్టుకుని, ఒక్కసారి, తేలిగ్గా గీకండి. గట్టిగా గీకితే గుంటలో రంగు కూడా లేచిపోతుంది. రెండోసారి గీకితే ఆరిన రంగు పాకుతుంది. వెంటనే స్టాంపరుతో ఆ డిజైన్ ఎత్తుకోండి. నేను నిటారుగా నొక్కను, ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దొర్లిస్తాను. స్టాంపరు మీద డిజైన్ కనిపించగానే మురిసిపోతూ చూడకండి. గోరు మీద ఒక అంచున ఆనించి రెండో అంచుకి అలాగే దొర్లించాలి. గీకడం నుంచి అద్దడం వరకూ మనసులో అయిదు లెక్కపెట్టేలోపు అయిపోవాలి. రంగు ఆలోచనలో పడకూడదు.

కుడిచేత్తో ఎడమ గోళ్లకి ఎవరైనా వేస్తారు. కుడి గోళ్లకి వచ్చేసరికి ఎడమచెయ్యి మాట వినదు. అప్పుడు స్టాంపరుని సిలికాన్ పైకి ఉండేలా బల్ల మీద నిలబెట్టి, గోటినే దాని మీద దొర్లించండి. మీకు నేనిచ్చే సలహాల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. గోళ్ల మీదికి వెళ్లే ముందు ఏ ప్లాస్టిక్ ఫైలు కవరు మీదైనా ఓ ఇరవై సార్లు అద్ది చూసుకోండి.

ప్రతి అద్దకం తర్వాత ప్లేటుని రిమూవర్‌తో తుడవాలి. స్టాంపరుని మాత్రం తుడవకండి, రిమూవర్ తగిలితే సిలికాన్ పాడవుతుంది, పారదర్శకంగా ఉండేవైతే మసకబారతాయి. సెల్లోటేపు ముక్క అంటించి లాగితే మిగిలిన రంగంతా టేపుకి వచ్చేస్తుంది.

చివరి టాప్ కోట్ దగ్గర నేను పరువు పోగొట్టుకున్నాను. మా మేనకోడలి నిశ్చితార్థం రోజు పొద్దున్న పది గోళ్లకీ నల్ల తీగలు చక్కగా దిగాయి. "అత్తా, టైమైపోతోంది" అంటోంది తను. ఆ తొందరలో టాప్ కోట్ బ్రష్‌ని గోటి మీద రెండుసార్లు రుద్దాను. బొటనవేలి మీద తీగ మొత్తం ఏడ్చిన కళ్ల కాటుకలా కారిపోయింది. అద్దిన డిజైన్‌ని రెండు మూడు నిమిషాలు వదిలేయండి. తర్వాత బ్రష్ చివర పెద్ద చుక్క తీసుకుని, ఆ చుక్కని గోరు మొదట్లో దింపి, దాని మీద తేలుతున్నట్టు ఒక్క లాగు లాగండి. బ్రష్ వెంట్రుకలు డిజైన్‌కి తగలకూడదు. అంచు చివర కూడా కాస్త పూస్తే అన్నం కలిపినా, ఆవకాయ కలిపినా కొంత తట్టుకుంటుంది. తెల్ల డిజైన్లకి పసుపు మరక మాత్రం తప్పదు, పులుసు వండే రోజు నలుపు వేసుకోండి.

ఇంకో చిన్న సంగతి, ఇది నా సొంతం. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నాక గోళ్లు ఎర్రగా పండి ఉంటాయి కదా. అప్పుడు స్పాంజి, తెల్ల పూత ఏమీ వద్దు. బేస్ కోట్ ఆరాక నేరుగా తెల్ల ముగ్గులాంటి డిజైన్ అద్ది చూడండి. గడపకి ఎర్రమన్ను అలికి ముగ్గేసినట్టుంటుంది. గోరు నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి శ్రావణం పూర్తయ్యేసరికి మొదట్లో తెల్లటి నెలవంక తేలుతుంది. అప్పుడు ఆ నెలవంక మీద స్పాంజితో ఎరుపు అద్దుకుంటే సరి.

తీసేటప్పుడు దూదిని రిమూవర్‌తో తడిపి గోటి మీద పది లెక్కపెట్టేంతసేపు నొక్కి ఉంచి, కిందికి ఒక్కసారి లాగండి. రుద్దితే రంగు చర్మానికి పాకుతుంది. అసిటోన్ ఉన్న రిమూవర్‌కి నిప్పు ఇట్టే అంటుకుంటుంది, పొయ్యి దగ్గర, దీపం దగ్గర పెట్టుకోకండి, కిటికీ తెరిచి ఉంచండి. ఒలికితే టేబుల్ వార్నిష్ కూడా పోతుంది, మా డైనింగ్ టేబుల్ మీద అరచేతి అంత మచ్చ అలా వచ్చిందే. అప్పటినుంచీ కింద ఒక స్టీలు పళ్లెం పెట్టుకుంటున్నాను. దానికి ఏమీ కాదు. మళ్లీ వంటింట్లోకి మాత్రం వెళ్లనివ్వను. అంచు మీద ఎర్ర పాలిష్‌తో గుర్తు పెట్టాను, మా ఇంట్లో దాన్ని గోళ్లపళ్లెం అంటారు.