పొట్ట ఆపరేషన్ తర్వాత మంచం దిగడం – నా అనుభవం

బరంపురంలో పేగు ఆపరేషన్ అయి పర్లాకిమిడి ఇంటికొచ్చాక మంచం దిగడమే నన్ను ఏడిపించింది. లేవబోతే కుట్లు తెగిపోతాయేమో అన్నంత లాగుడు. పొట్టకి బెల్టు, తలకింద ఎత్తు, మా ఆవిడ చేతులు పట్టి లేపడం, ఏవీ పనిచేయలేదు. ఆ లేపడమైతే మరీ నరకం.

చివరికి డ్రెస్సింగ్‌కి వచ్చిన నర్సమ్మ చూపించింది. ముందు నవారు మంచం వదిలి చెక్క మంచానికి మారాను. గుంటపడే మంచంలో ఇది కుదరదు. వెల్లకిలా ఉండి మోకాళ్లు ముడుచుకోవాలి. భుజాలు, నడుము, మోకాళ్లు ఒకేసారి, దుంగ దొర్లినట్టు, మంచం అంచువైపు తిరగాలి. విడివిడిగా తిరిగితే పొట్ట మెలిపడి కుట్ల దగ్గర పట్టేస్తుంది. తర్వాత ఊపిరి వదులుతూ కాళ్లు కిందికి జారవిడవాలి. అదే క్షణంలో కింది మోచేత్తో, పై అరచేత్తో పరుపుని నెట్టాలి. సగం పని కాళ్ల బరువే చేసేస్తుంది. కూర్చున్నాక కాసేపు ఆగండి, కళ్లు తిరగొచ్చు. పడుకోవడానికి ఇదే వరస వెనక నుంచి.

దగ్గొస్తే చిన్న తలగడ కోతమీద అదిమి పట్టుకునేవాణ్ణి.

నాది పొట్టమీద నిలువు కోత. గుండె ఆపరేషన్ అయినవాళ్లని చేతులమీద బరువు వేయొద్దంటారు, కాబట్టి డాక్టర్ని అడగందే చేయకండి. తుంటి, వెన్ను ఆపరేషన్లకూ అంతే. జ్వరం, చీము, కోత చుట్టూ ఎరుపు కనిపిస్తే మాత్రం ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.