వెనకబడిన రాష్ట్రం ముందున్నదాన్ని అందుకుంటోందా? ఎక్సెల్‌లో మీరే చూసుకోండి

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే రోజుల్లో మా రూమ్‌లో తెగని వాదన ఒకటుండేది: బిహార్ ఎప్పటికైనా మహారాష్ట్రను అందుకుంటుందా? టీల మీద టీలు అయిపోయేవి కానీ తేలేది కాదు. చివరికి నేనే ల్యాప్‌టాప్ ముందేసుకున్నా.

రాష్ట్రాల గణాంకాలతో ఆర్‌బీఐ వేసే హ్యాండ్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి. అందులో తలసరి నికర రాష్ట్ర ఉత్పత్తి (అంటే సుమారుగా ఒక్కొక్కరి సగటు ఆదాయం) పట్టిక కావాలి, అదీ స్థిర ధరలది. ప్రస్తుత ధరలది తీసుకుంటే ధరలు పెరగడం కూడా ఎదుగుదలలాగే కనిపిస్తుంది.

ఆధార సంవత్సరం, అంటే ఏ ఏటి ధరలతో లెక్కకట్టారో ఆ ఏడాది, దాని దగ్గర నేను బోల్తాపడ్డా. 2004-05 సిరీస్ కింద 2011-12 సిరీస్‌ని అలాగే అతికించేశా. ఒక్క ఏడాదిలో రాష్ట్రాలన్నీ గంతేశాయి! అది నమ్మి పందెం కూడా కట్టా, బిర్యానీ పోయింది. అందుకే ఒకే సిరీస్‌లో ఉండండి. 2000లో విడిపోయిన బిహార్, 2014లో విడిపోయిన మన రాష్ట్రాల పాత అంకెలతోనూ జాగ్రత్త.

ఇక ఒక కాలమ్‌లో మొదటి ఏడాది ఆదాయానికి ఎల్‌ఎన్ (ఎక్సెల్‌లో సహజ లాగరిథమ్ ఫార్ములా, LN) వేయండి. పక్క కాలమ్‌లో చివరి ఆదాయాన్ని మొదటిదానితో భాగించి, ఎల్‌ఎన్ తీసి, మధ్యలో గడిచిన ఏళ్లతో భాగించండి. అదే ఏడాదికి సగటు పెరుగుదల. రెంటికీ స్కాటర్ చార్ట్ గీసి ట్రెండ్‌లైన్ పెట్టండి. గీత కిందికి వాలితే వెనకబడినవి వేగంగా పెరుగుతున్నాయని అర్థం. పైకి లేస్తే ఉన్నవాళ్లే ఇంకా ముందుకెళ్తున్నారు. 1991 తర్వాతి కాలంపై మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో చాలావాటికి ఆ వాలు కనిపించలేదు. గోవా, సిక్కిం లాంటి చిన్న రాష్ట్రాలను ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి.

రూపాయల తేడా చూసి మాత్రం తీర్పు చెప్పొద్దు. లక్ష ఉన్న రాష్ట్రం 5 శాతం, 30 వేలున్నది 8 శాతం పెరిగాయనుకోండి. తేడా 70,000 నుంచి 72,600 అయింది. అయినా నిష్పత్తిలో చూస్తే చిన్నది దగ్గరవుతూనే ఉంది. అమెరికా రాష్ట్రాల మీద ఆర్థికవేత్తలు బారో, సాలా-ఇ-మార్టిన్ 1992లో చూపిన ప్రకారం, ఈ దూరం తగ్గే వేగం ఏడాదికి సుమారు 2 శాతం. అంటే సగం దూరం తగ్గడానికే 35 ఏళ్లు.

జిల్లాల మీద ఇదే చేయాలంటే ఇంకో చిక్కు. తెలంగాణలో తలసరి ఆదాయంలో పైనున్నది రంగారెడ్డి, ఎందుకంటే గచ్చిబౌలి ఐటీ ఆఫీసులు ఆ జిల్లా లెక్కలోకే వస్తాయి. ఉత్పత్తి ఎక్కడ జరిగితే ఆ జిల్లాకే రాస్తారు. మా మెస్ ఆంటీది నారాయణపేట. నెలనెలా ఫోన్‌పే చేసి ఊళ్లో రేకుల ఇంటి మీద స్లాబ్ వేయించింది. ఆమె సంపాదన మాత్రం హైదరాబాద్ లెక్కలోనే ఉంది.