పేటెంట్ పరిశీలన నేర్చుకుందాం – 5వ పాఠం: బొమ్మ మూసి క్లెయిమ్ చదవండి

ఈసారి నేరుగా ఇన్వెంటివ్ స్టెప్, అంటే ఆ రంగపు నిపుణుడికి తేలిగ్గా తట్టని ముందడుగు ఉందా అన్న పరీక్ష, మొదలుపెట్టాలి. కానీ నాలుగో పాఠం అభ్యాసానికి మీరు పంపిన పట్టికలు చూశాక ఆగాల్సి వచ్చింది. ఒక క్లెయిమ్‌లోని (దరఖాస్తుదారు తనదని హక్కు కోరుతూ రాసే వాక్యంలోని) ఆరు అంశాలు పాత పత్రంలో ఉన్నాయో లేవో రాసి, క్లెయిమ్‌కు కొత్తదనం ఉందో లేదో తేల్చడమే ఆ అభ్యాసం. చాలామంది ఒకే చోట తడబడ్డారు. అది సరిచేసుకోకుండా ముందుకెళ్తే ఇక మీద రాసే పాఠాలేవీ ఒంటబట్టవు.

మన క్లెయిమ్ మళ్లీ ఇస్తున్నాను, పక్కన పెట్టుకోండి:

“సీలింగ్‌లో బిగించే డౌన్‌లైట్. ఇందులో (1) కింది వైపు తెరిచి ఉన్న లోహపు హౌసింగ్, (2) హౌసింగ్ పైభాగానికి లోపలి నుంచి ఆనుకుని ఉన్న ఎల్‌ఈడీ బోర్డు, (3) ఆ పైభాగం వెలుపల వేడిని వదిలే రెక్కలు, (4) బోర్డు వైపు సన్నబడే రిఫ్లెక్టర్, (5) హౌసింగ్ పక్కల రెండు స్ప్రింగ్ క్లిప్పులు ఉంటాయి. దీని విశేషం: (6) రిఫ్లెక్టర్ పై అంచు ఎల్‌ఈడీ బోర్డును హౌసింగ్‌కు అదిమి పట్టి ఉంచుతుంది, బోర్డుకు స్క్రూలు ఉండవు.”

పాత పత్రం డి1 కూడా డౌన్‌లైటే. అల్యూమినియం హౌసింగ్, నాలుగు స్క్రూలతో బిగించిన బోర్డు, పైన ఒకదాని మీద ఒకటిగా గుండ్రటి బిళ్లల్లాంటి రెక్కలు, ప్లాస్టిక్ రిఫ్లెక్టర్, మూడు స్ప్రింగ్ క్లిప్పులు, ఒక మోషన్ సెన్సర్. తేదీల సంగతి చెప్పను. డి1 ప్రచురణ తేదీ మన ప్రయారిటీ తేదీ (కొత్తదనం లెక్కకు తీసుకునే మొదటి దరఖాస్తు తేదీ) కంటే ముందుదా కాదా అన్నది పట్టిక మొదలుపెట్టక ముందే చూసుకుని ఉంటారు.

ఇప్పుడు అసలు గొడవ. (3) ఎదురుగా చాలామంది “డి1లో లేదు” అని రాశారు. కారణం: మన బొమ్మలో రెక్కలు నిలువుగా ఉన్నాయి, డి1లో అడ్డంగా, గుండ్రంగా ఉన్నాయి. అయ్యా, క్లెయిమ్‌లో “నిలువు” అన్న మాట ఎక్కడుంది? “వేడిని వదిలే రెక్కలు” అని మాత్రమే ఉంది. డి1 రెక్కలు వేడిని వదులుతాయి, హౌసింగ్ పైభాగం వెలుపలే ఉన్నాయి. (3) డి1లో ఉంది. అక్కడితో సరి.

ఈ పొరపాటు చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మీరు పోల్చింది రెండు లైట్లను. పేటెంట్ ఆఫీసులో దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ ఒక పక్క క్లెయిమ్‌లోని మాటలను, మరో పక్క పాత పత్రం మొత్తాన్ని పెట్టుకుని చూస్తారు. దరఖాస్తుదారు ఇల్లు మొత్తం కట్టి ఉండొచ్చు, హద్దురాళ్లు మాత్రం క్లెయిమ్‌లోనే ఉంటాయి. స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని పూర్తి వివరణలో) పన్నెండు నిలువు రెక్కల గురించి రెండు పేజీలు రాసినా, ఆ మాట క్లెయిమ్‌లోకి రాకపోతే అది హద్దు కాదు. ఏదైనా మాటకు అర్థం తేలకపోతే స్పెసిఫికేషన్ చూడండి, తప్పులేదు. అక్కడి వివరాన్ని తెచ్చి క్లెయిమ్‌లో అతికించకండి. అమెరికా పేటెంట్ ఆఫీసులో పరిశీలన దశలో క్లెయిమ్‌కు సమంజసమైనంతలో వీలైనంత విశాలమైన అర్థమే ఇస్తారు. దరఖాస్తుదారుకు నిలువు రెక్కలు కావాలంటే క్లెయిమ్ సవరించుకునే దారి ఉంది కదా.

ఇదే రోగం (5) దగ్గర ఇంకో రూపంలో వచ్చింది. “మనకు రెండు క్లిప్పులు, డి1లో మూడు, కాబట్టి తేడా ఉంది” అన్నారు. మూడు ఉన్నచోట రెండు ఉన్నట్టే. “ఇందులో ఇవి ఉంటాయి” అని రాసిన క్లెయిమ్ తలుపు తెరిచే ఉంచుతుంది. చెప్పినవి ఉంటే చాలు, అదనంగా ఏమున్నా పట్టించుకోదు. డి1లోని మోషన్ సెన్సర్‌ను తేడాగా చూపినవాళ్లకూ ఇదే జవాబు. “రెండు క్లిప్పులు మాత్రమే” అని క్లెయిమ్‌లో ఉంటే లెక్క మారేది.

(1) దగ్గర ఎక్కువమంది సరిగ్గానే రాశారు. క్లెయిమ్ “లోహం” అంటోంది, డి1 అల్యూమినియం అంటోంది. ప్రత్యేకమైనది ముందే బయటపడితే సాధారణమైన దానికి కొత్తదనం పోతుంది. తిరగేస్తే అలా జరగదు. క్లెయిమ్‌లో అల్యూమినియం ఉండి, పాత పత్రం ఊరికే “లోహం” అని వదిలేస్తే, అంతమాత్రాన కొత్తదనం పోయినట్టు కాదు. అంకెలకూ ఇంతే. కాంతి విస్తరణ కోణం 20 నుంచి 40 డిగ్రీలు అని క్లెయిమ్‌లో ఉండి, పాత పత్రం 30 డిగ్రీల లైటు చూపిస్తే ఆ పరిధికి కొత్తదనం లేనట్టే.

అందుకే నా పద్ధతి ఒకటి చెప్తాను. దరఖాస్తులోని బొమ్మల పేజీలను మూసేసి, క్లెయిమ్ ఒక్కటే కాగితం మీద ప్రింట్ తీసుకుంటాను. డి1లో మాత్రం ముందు బొమ్మలే చూసి, అంకెల గుర్తులు పట్టుకుని, ఆ అంకె వచ్చే పేరాలన్నీ చదువుతాను. డి1 క్లెయిమ్‌లు చివర్న చూస్తాను, సారాంశం దాదాపు చూడను. పాత పత్రం తన క్లెయిమ్‌లో ఏం అడిగిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, ఎక్కడైనా ఏం చెప్పిందన్నదే లెక్క. కొందరు అటు నుంచి ఇటు చదువుతారు. నాకు ఇదే త్వరగా తెగుతుంది.

ఇక (6). ఇక్కడ కొందరు “డి1లో ఉంది” అన్నారు. డి1 బొమ్మలో రిఫ్లెక్టర్ అంచు బోర్డును తాకుతూ కనిపిస్తుంది, నిజమే. బొమ్మ కూడా సాక్ష్యమే, కానీ అది స్పష్టంగా చూపించినంత మేరకే. తాకడం వేరు, అదిమి పట్టడం వేరు. గీతలో బలం కనబడదు. పైగా డి1 బోర్డును స్క్రూలే పట్టుకున్నాయి, మన క్లెయిమ్ స్క్రూలు ఉండవంటోంది. (6) డి1లో లేదు. రెండో పాత పత్రం డి2లో ఉంది కదా అని (6) తెచ్చి డి1కి కలిపి “కొత్తదనం లేదు” అని తేల్చినవాళ్లకు ఒక్క మాట: కొత్తదనం తీసేయాలంటే అన్నీ ఒకే పత్రంలో దొరకాలి. రెండు పత్రాలు కలపడం ఇన్వెంటివ్ స్టెప్ పని.

అక్కడికే వచ్చాం. డి2 ట్రాక్‌కు తగిలించే స్పాట్‌లైట్. దాని లెన్స్ చుట్టూ ఉన్న ఉక్కు రింగు బోర్డు అంచులను హీట్ సింక్‌కు (వేడిని లాగి వదిలే భాగానికి) అదుముతుంది, బోర్డుకు విడిగా స్క్రూలు లేవు. మధ్యలో గాలి సందు మిగిలితే వేడి దిగదని 22వ పేరా చెబుతుంది. ఆ మాట నిజమే. గాలి ఉష్ణవాహకత మీటరు కెల్విన్‌కు సుమారు 0.026 వాట్లు, అల్యూమినియంది 200 పైమాటే. చిన్న సందు చాలు, ఎల్‌ఈడీ వేడెక్కి వెలుతురూ తగ్గుతుంది, ఆయుష్షూ తగ్గుతుంది. ఇలాంటి పత్రాలు వెతకాలంటే నేను పేటెంట్ వర్గీకరణలోని ఎఫ్21వి 19, అంటే కాంతి మూలాన్ని బిగించే పద్ధతుల గుంపు, దాంతో మొదలుపెట్టి ఎఫ్21వి 29కి, అంటే చల్లబరిచే ఏర్పాట్లకు వెళ్తాను. ఎఫ్21వై 2115/10 కలిపితే ఎల్‌ఈడీలకే పరిమితమవుతుంది. లైటు ఆకారం, అందం గురించి అడిగినవాళ్లు డిజైన్ రిజిస్ట్రేషన్ వైపు వెళ్లాలి. దానికి లొకార్నో వర్గీకరణలో 26వ తరగతి ఉంది, పరీక్షలూ వేరు.

ఇన్వెంటివ్ స్టెప్ తేల్చడానికి యూరప్ పేటెంట్ ఆఫీసు పద్ధతి నాకు ఇష్టం, ఎందుకంటే అది ఆలోచనను అంచెలుగా నడిపిస్తుంది. దగ్గరి పత్రం ఏది? డి1. తేడా ఏమిటి? (6). ఆ తేడా వల్ల ఒరిగిందేమిటి? భాగాలు తగ్గాయి, అంచు చుట్టూ ఒత్తిడి పడి వేడి బాగా దిగుతోంది. అయితే సమస్య: “డి1 డౌన్‌లైట్‌లో బోర్డును తక్కువ భాగాలతో, వేడి బాగా దిగేలా బిగించడం ఎలా?” సమస్యను “రిఫ్లెక్టర్‌తో అదిమి స్క్రూలు తీసేయడం ఎలా” అని రాయకండి. అందులో జవాబు కూడా వచ్చేసింది. జవాబు తెలిశాక ఏదైనా తేలిగ్గానే కనిపిస్తుంది.

అమెరికాలో సుప్రీంకోర్టు 2007లో ఇచ్చిన కేఎస్ఆర్ తీర్పు తర్వాత, రెండు పత్రాలను కలపమని ఏదో ఒక పత్రం రాతపూర్వకంగా చెప్పి తీరాలన్న పట్టుదల లేదు. నిపుణుడికి మామూలు సృజన కూడా ఉంటుందని ఆ తీర్పు అంటుంది. అయినా ఎందుకు కలుపుతాడో కారణం చూపాల్సిందే. మన దేశంలో 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ కేసులో సుప్రీంకోర్టు, వర్క్‌షాప్ స్థాయి మెరుగుదల చాలదని చెప్పింది. మన చట్టంలో 3(ఎఫ్) సెక్షన్ కూడా ఉంది. తెలిసిన పరికరాలను ఒకచోట పేర్చి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దేని పని అది చేసుకుంటుంటే పేటెంట్ రాదు. లైటు, స్పీకరు, సెన్సరు ఒకే డబ్బాలో పెట్టడం అలాంటిదే. మన (6)లో రిఫ్లెక్టర్, బోర్డు, హౌసింగ్ ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డాయి, కాబట్టి ఆ అభ్యంతరం ఇక్కడ అంతగా నిలవదు.

మరి డి1కి డి2 కలపొచ్చా? పైపైన చూస్తే కలపొచ్చు, వేడి కారణం డి2లోనే ఉంది. కానీ డి1 31వ పేరా చదవండి. “వాడేవారు రిఫ్లెక్టర్‌ను చేత్తో లాగి మరో కోణపు రిఫ్లెక్టర్ పెట్టుకోవచ్చు, ఆ సమయంలో బోర్డు కదలదు” అని ఉంది. రిఫ్లెక్టరే బోర్డును పట్టుకుంటే, రిఫ్లెక్టర్ లాగగానే బోర్డు ఊడి చేతిలోకి వస్తుంది. డి1 ఏ సౌకర్యం కోసం తయారైందో అదే పోతుంది. పైగా లాగితే వచ్చేసే పల్చటి ప్లాస్టిక్ రిఫ్లెక్టర్, ఉక్కు రింగు పెట్టినంత ఒత్తిడి పెట్టలేదు. ఇది బలమైన వాదన. పట్టికలో పేరా నంబరుతో సహా రాసుకోండి.

అభ్యాసం ఈసారి కష్టమే, తీరిగ్గా చేయండి. డి1 40వ పేరాలో “మరో రూపంలో రిఫ్లెక్టర్‌ను హౌసింగ్‌కు శాశ్వతంగా బిగించవచ్చు” అని ఉందనుకోండి. ముందు ఎగ్జామినర్‌గా ఒక పేజీ అభ్యంతరం రాయండి, తర్వాత దరఖాస్తుదారు తరఫున ఒక పేజీ జవాబు. రెండింటిలోనూ ప్రతి వాక్యానికీ పేరా నంబరు ఉండాలి. ఆ తర్వాత ఎస్పాస్‌నెట్‌లో (యూరప్ పేటెంట్ ఆఫీసు ఉచితంగా నడిపే పత్రాల వెతుకులాట సైటులో) ఎఫ్21వి 19 కింద నిజమైన పత్రం ఒకటి వెతికి, దాన్ని డి3గా పెట్టుకుని ఆరు అంశాల పట్టిక నింపండి. (6) ఎదురుగా “ఉంది” అని రాయాలనిపిస్తే, రాసే ముందు ఆ పేరాను పూర్తిగా ఎత్తి పట్టికలో పెట్టండి.