లెక్క కుదరకపోతే ముందు 9తో భాగించి చూడండి

పర్లాకిమిడిలో మా చిన్నాన్న కిరాణా కొట్టు చిట్టా నెలాఖరున నేనే రాస్తాను. గుమస్తా ఒడియాలో చదువుతాడు, నేను విని వేస్తాను. తంటా అక్కడే. మనం "ఇరవై అయిదు" అంటే ముందు 2 వినిపిస్తుంది. ఒడియాలో "పచిశ" అనగానే 5 చెవిన పడుతుంది, చెయ్యి 52 వేసేస్తుంది.

మొన్న 1,18,425 కాస్తా 1,18,452 అయి కూర్చుంది. మొత్తంలో 27 రూపాయలు తేడా! ఇలాంటప్పుడు టెన్షన్ పడి మొదటి పేజీ నుంచి మళ్లీ కూడకండి. తేడాలోని అంకెలు కలపండి: 2+7=9. అంకెల మొత్తం 9తో నిశ్శేషంగా పోతే ఆ తేడా కూడా పోతుంది; అలా పోతోందంటే పక్కపక్క అంకెలు తారుమారై ఉండొచ్చు. 27ని 9తో భాగిస్తే 3. అంటే చివరి రెండంకెల మధ్య 3 తేడా ఉన్న పద్దులు చూస్తే చాలు: 25, 41, 69 లాంటివి. తేడా 270 అయితే పదులు, వందల స్థానాలు చూడాలి. సంఖ్య కోట్లలో ఉన్నా ఇంతే. కదలని అంకెలు తీసివేతలో కొట్టుకుపోతాయి, మిగిలేది 10కీ 1కీ మధ్య తేడా అయిన 9కి రెట్లే.

ఒక మెలిక ఉంది. 450కి సున్నా మరిచి 45 వేసినా తేడా 405, అదీ 9తో పోతుంది. కాబట్టి తారుమారు దొరక్కపోతే సున్నాలు వెతకండి. అసలు 9తో పోకపోతే మాత్రం ఇది వదిలేసి, ఏ పద్దయినా ఎగిరిపోయిందేమో చూడండి. మా ఇంట్లో అది ఎక్కువగా చిన్నాన్న జేబులోని చీటీలో దొరుకుతుంది.