మానేశాక వెళ్దామనుకోకండి: మొదటి మీటింగ్‌కి ముందు జాగ్రత్తలు

పోయిన వారం నాకు తెలిసినవాళ్ల ఇంట్లో జరిగింది. ఏళ్ల తరబడి రోజూ తాగుతున్న మనిషి, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ గ్రూపు మీటింగ్‌కి ఆదివారం వస్తానని ఎట్టకేలకు ఒప్పుకున్నాడు. అందరికీ సంతోషం. మందు వాసనతో నలుగురిలోకి ఎలా వెళ్లాలని శుక్రవారం రాత్రి నుంచే సీసా ముట్టలేదు. శనివారం పొద్దున గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోయేంత వణుకు. నీరసమేమో అని పడుకోమన్నారు. సాయంత్రానికి ఫిట్స్ వచ్చి పడిపోయాడు, తలకు దెబ్బ తగిలింది. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు.

తాగుడు చెడ్డదని ఇక్కడ మళ్లీ చెప్పను. అది తాగేవాళ్లకే బాగా తెలుసు. చెప్పాల్సింది వేరే ఉంది. రోజూ బాగా తాగే మనిషి డాక్టరుకు చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపేయకూడదు. "ముందు నేనే మానేస్తా, తర్వాత మీటింగ్‌కి వెళ్తా" అనుకుని దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి అలా జరుగుతుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మద్యం హఠాత్తుగా ఆగినా ఆ వేగం వెంటనే తగ్గదు. చివరిసారి తాగిన 6 గంటల తర్వాత ఎప్పుడైనా వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా 48 గంటల లోపే వస్తాయి. కొందరికి 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ వస్తుంది. లేనివి కనిపిస్తాయి, ఎక్కడున్నారో తెలియదు, జ్వరం, బీపీ పెరుగుతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్తే కొన్ని రోజులకు సరిపడా మాత్రలు ఇచ్చి, డోసు మెల్లగా తగ్గిస్తూ ఈ దశ దాటిస్తారు. బి1 విటమిన్ కూడా ఇస్తారు. పోయినసారి మానినప్పుడు ఏమీ కాలేదన్న ధైర్యం వద్దు. మానడం, మళ్లీ మొదలుపెట్టడం జరిగేకొద్దీ ఈ లక్షణాలు ముదురుతాయి.

ఇక గ్రూపు సంగతి. ఏఏ అని పిలిచే ఈ సంస్థ 1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. వాళ్ల వెబ్‌సైట్‌లో మీ ఊరి పేరు కొడితే దగ్గర్లోని మీటింగ్‌లు కనిపిస్తాయి. చోటూ టైమూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఫోన్ చేసి కనుక్కోండి. ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్లు కూడా రావచ్చు, క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. ఫీజు లేదు. విరాళం కోసం డబ్బా తిప్పుతారు, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. చేరడానికి కావాల్సింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. కోరిక ఉంటే చాలు, అప్పటికే మానేసి ఉండాలన్న రూలు లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ శుక్రవారం అలా జరిగేది కాదు.

అక్కడ దేవుడి ప్రస్తావన వస్తుంది. అది ఇబ్బందనుకుంటే స్మార్ట్ రికవరీ లాంటి వేరే గ్రూపులున్నాయి. మొదటి మీటింగ్ నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడండి, ఏ రెండూ ఒకేలా ఉండవు.

మిగతావి వరసగా చెప్తాను.

తాగి ఉన్నా వెళ్లండి, కానీ బండి నడపొద్దు. ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

మొదటిరోజే మాట్లాడాల్సిన పని లేదు. "ఈరోజు వింటాను" అంటే చాలు.

గ్రూపు ఆసుపత్రి కాదు. వణుకు మొదలైతే మీటింగ్‌కి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

డాక్టరు రాసిన మానసిక వైద్యం మాత్రలు ఆపేయమని ఏ సభ్యుడు చెప్పినా వినకండి. సభ్యులు డాక్టర్ల పాత్ర పోషించకూడదని ఏఏ ప్రచురణలే చెప్తాయి.

స్పాన్సర్ అంటే మీకు తోడుండి దారి చూపే పాత సభ్యుడు. ఆ విషయంలో తొందరొద్దు. నాలుగైదు మీటింగ్‌లు చూసి ఎంచుకోండి. కొత్తగా వచ్చిన మీ మీద అతి చనువు చూపేవాళ్లకు దూరంగా ఉండండి.

అప్పులు ఇవ్వొద్దు, తీసుకోవద్దు.

అక్కడ విన్నది, అక్కడ చూసిన ముఖాలు బయట చెప్పొద్దు. ఇంట్లో కూడా.

ఇంట్లోవాళ్లకు: అన్నంలో, కాఫీలో తెలియకుండా మాత్రలు, పొడులు కలపొద్దు. వాటిలో మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ ఉండి, దాని మీద తాగితే వాంతులై, బీపీ పడిపోయి, ప్రాణం మీదికి రావచ్చు. మీకూ ఆల్-అనాన్ అని వేరే గ్రూపు ఉంది, వెళ్లండి.

సీసాలన్నీ పారబోసి తలుపు గడియ పెట్టడం మందు మాన్పించడం కాదు. డాక్టరు చూడకుండా ఒక్కసారిగా ఆపించొద్దు. మళ్లీ చెప్తున్నా, ఆపించొద్దు.

ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకండి. గట్టిగా అదిమి పట్టుకోకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే అంబులెన్స్ పిలవండి. చివరిసారి ఎప్పుడు తాగారో, రోజుకెంత తాగేవారో పరువుకు పోయి దాచకుండా డాక్టరుకు చెప్పండి.